పానా పట్టిన చేతిదే ప్రయాణం

ఊరికీ అడవికీ ఒకే బండి కావాలని కొనేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. కొన్నాక దాని ఆలనాపాలనా ఎవరు చూడాలి? ఈ వారం ముఖచిత్ర కథనం

మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో, అటల్ సొరంగం దాటాక, కేలాంగ్‌కు కాస్త ముందు తాండీ అనే చిన్న ఊరుంది. చంద్ర, భాగా నదులు కలిసే చోటు. అక్కడి పెట్రోలు బంకు దగ్గరి బోర్డు దూరప్రయాణాలు చేసే బైకర్లలో చాలామందికి తెలుసు: తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని. దాని పక్కన నిలబడి ఫొటో దిగడం ఆనవాయితీ. ఫొటోకు ముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411కి 15 లీటర్ల ట్యాంకు. లీటరుకు 30 చొప్పున ఇస్తే 450 కిలోమీటర్లు. కనుమల్లో, రాళ్లలో అది 25కి పడిపోయిందనుకోండి, 375. అంటే పది కిలోమీటర్లు మిగులు. అయిదు లీటర్ల క్యాను వెనక కట్టుకుంటే గుండె దడ లేకుండా పోవచ్చు.

ఆ పూట ఇంజిన్‌కి ఎన్ని గుర్రాల శక్తి ఉందో ఎవరికీ గుర్తుకురాదు. ఖార్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ గాలి మన సముద్రతీరంలో ఉండేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ. పీల్చే గాలి తగ్గితే మనిషికైనా ఇంజిన్‌కైనా సత్తువ ఆమేరకు తగ్గుతుంది. 24.5 గుర్రాల బండి అక్కడ స్కూటరు శక్తితో పాకుతుంది, 40 గుర్రాలదీ సుమారుగా ఇరవైకి దిగుతుంది. పాత కార్బురేటర్ బళ్లకు ఇంకో తిప్పలు: గాలి తగ్గినా పెట్రోలు తగ్గదు, పొగ కక్కుకుంటూ ఆగిపోతాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాక ఆ ఒక్క బాధా పోయింది.

షోరూములో మనం అడిగే ప్రశ్నలు చాలావరకు తప్పు ప్రశ్నలని నేను అనుకోవడానికి కారణం ఇదే. పికప్ ఎంత, టాప్ స్పీడ్ ఎంత అంటాం. తారురోడ్డుకీ మట్టిబాటకీ పనికొచ్చే ఈ మధ్యరకం బళ్ల విషయంలో అడగాల్సినవి వేరే ఉన్నాయి. పడిపోతే ఒక్కణ్ణే లేపగలనా? పంచరైతే చక్రం ఊడదీయగలనా? ఇది చెడిపోయిన ఊళ్లో దీన్ని బాగుచేసేవాడు దొరుకుతాడా?

ఈ జాతి బళ్లకు వయసు అరవయ్యేళ్లు కూడా లేదు. 1968లో యమహా అమెరికా మార్కెట్టు కోసం తెచ్చిన 246 సీసీ డీటీ-1తో ఈ ఆలోచన జనంలోకి వెళ్లింది. 1980లో బీఎండబ్ల్యూ ఆర్80 జీ/ఎస్ దాన్ని దూరప్రయాణాలకు పెంచింది. మనకి చాలా ఆలస్యంగా అందింది. 2011లో హీరో 149 సీసీ ఇంపల్స్‌ను తెస్తే కొన్నవాళ్లు తక్కువ, ఇప్పటికీ తలుచుకునేవాళ్లు ఎక్కువ. ఆ సంస్థే 2017లో డాకర్ ర్యాలీకి జట్టును పంపి, 2019లో ఎక్స్‌పల్స్ 200తో మళ్లీ వచ్చింది. మధ్యలో 2016 మార్చిలో లక్షా యాభై అయిదు వేల ధరతో హిమాలయన్ దిగింది. అప్పటిదాకా లద్దాఖ్ వెళ్లినవాళ్లు బుల్లెట్లమీదా పల్సర్లమీదా వెళ్లారు, క్షేమంగానే తిరిగొచ్చారు. కాబట్టి ఈ బండి లేకపోతే ప్రయాణమే లేదన్నట్టు మాట్లాడేవాళ్ల మాట పట్టించుకోకండి. రోడ్డు వదిలేశాక మనిషి అలసట తగ్గించడం ఈ బండి పని. ముందు 21 అంగుళాల చక్రం గోతిని మింగుతూ పోతుంది, 200 మిల్లీమీటర్ల ఫోర్కు దెబ్బను తాగేస్తుంది, నడుము సాయంత్రానికీ మాట వింటుంది.

బరువు లెక్క

మధ్యరకం అన్నమాటకు దేశానికో అర్థం. అమెరికాలో 650 సీసీ సింగిల్ సిలిండర్ బండిని మధ్యరకమంటారు. 1987లో వచ్చిన కవాసాకి కేఎల్ఆర్ 650 అక్కడ అలాంటిదే. దాని ఇంజిన్‌లో బాలెన్సర్ చైనును బిగించే చిన్న లివరు బలహీనమని తెలిసి, యజమానులు తరతరాలుగా దాన్ని తీయించి గట్టిది వేయించుకుంటూ వచ్చారు. లోపం ఉందని బండిని వదిలేయలేదు, ఆ లోపాన్నీ దాని వైద్యాన్నీ నోటికి నేర్చుకున్నారు. మనదగ్గర మధ్యరకమంటే 200 నుంచి 450 సీసీ దాకా. పన్ను కూడా ఈ మధ్యే ఒక గీత గీసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్లకు జీఎస్టీ 18 శాతం, ఆపైన 40 శాతం. 210 సీసీ ఎక్స్‌పల్సూ 250 సీసీ వీ-స్ట్రోమూ గీతకు ఇవతల మిగిలాయి. 390 అడ్వెంచరూ హిమాలయన్ 450యూ అవతలికి పోయాయి. ఒక ఏడాది పెట్రోలు ఖర్చు ఈ గీత దగ్గరే తేలిపోతుంది.

అయినా నా దృష్టిలో సీసీలకంటే కిలోలు ముఖ్యం. హిమాలయన్ 411 చివరి రూపం 199 కిలోలు, 450 అయితే 196. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ 249. కాగితం మీద యాభై కిలోల తేడా. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగేటప్పుడు, వాన కురిసిన పక్కదారిలో బండి ఒరిగిపోతే ఆ యాభై కిలోలు ఒక బియ్యం బస్తా అయి మీ నడుము మీద కూర్చుంటాయి. మట్టిలో నడిపేవాళ్లు పడతారు. పడనివాళ్లు మట్టిలో నడపనివాళ్లే.

లేపడానికి ఒక పద్ధతుంది, కండబలంతో పని లేదు. ముందు కీ ఆపేయాలి. బండి కుడివైపు పడితే, లేపాక ఎడమవైపు దొర్లిపోకుండా సైడ్ స్టాండు ముందే తీసి పెట్టాలి. గేరులో ఉంచితే చక్రం జారదు. సీటుకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కారియరు పట్టుకుని, చూపు పైకి పెట్టి కాళ్లతో వెనక్కి అడుగులేస్తే బండి తనే లేస్తుంది. నడుము వంచి ఎదురుగా ఎత్తబోతే లేచేది బండి కాదు, నొప్పి. లేచాక సెల్ఫు కొట్టినా స్టార్ట్ కాకపోతే కంగారు వద్దు. ఇంజెక్షన్ బళ్లలో పడిపోగానే ఇంజిన్‌ని ఆపేసే సెన్సరుంటుంది. కీ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

అందుకే సామాను విషయంలో నేను పిసినారిని. అల్యూమినియం పెట్టెలు ఫొటోలో దర్జాగా ఉంటాయి. వాటి స్టాండుతో సహా సామాను లేకుండానే బోలెడు బరువు. పడినప్పుడు కాలు వాటికింద ఇరుక్కుంటుంది. గుడ్డ సంచులు కిందకి, ముందుకి ఉండేలా కట్టుకుంటే చాలు. ఫాగ్‌లైట్లు, ఫోన్ చార్జరు అంటూ ఎవరో ఒక ఎలక్ట్రీషియన్ చేత అసలు వైరింగ్ కోయించడం ఇంకో తప్పు. సరైన రిలే, ఫ్యూజు ఉన్న జత వైరింగ్ దొరికితే పెట్టించండి, లేదా చీకటిపడ్డాక ప్రయాణం మానండి. నల్లమలలో ఎలాగూ మానాల్సిందే. మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే ఉదయం ఆరుకుగానీ తీయరు.

చైను గురించి కాస్త ఎక్కువే

బండి సంరక్షణలో ఇంజిన్ ఆయిల్‌కి దక్కే గౌరవం చైనుకు దక్కదు. నిజానికి ఈ బళ్లలో మనిషి చేతికి రోజూ పని చెప్పేది అదే. దుమ్ములో, బురదలో, వానలో చక్రం పక్కనే బట్టలు లేకుండా తిరిగే భాగం ఇంకోటి లేదు.

కొత్త చైన్లలో ప్రతి లింకులోనూ సన్నని రబ్బరు రింగులు, లోపల కంపెనీ కూరిన గ్రీజు ఉంటాయి. మన పని ఆ రింగుల్ని బతికించడం. పెట్రోలు పోసి కడిగినా, ఇనుప బ్రష్షు పెట్టి రుద్దినా రింగులు పోతాయి. గ్రీజు కారిపోయాక చైను లోపల్నుంచి అరుగుతుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది. కిరోసిను, మెత్తటి బ్రష్షు, పాత గుడ్డ చాలు. దొరక్కపోతే డీజిల్‌తోనూ కానిచ్చేవాళ్లున్నారు. ఆరాక లూబు. స్ప్రే డబ్బా ఖరీదనుకుంటే 90 నంబరు గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేయొచ్చు. మర్నాటికి వెనక రిమ్మంతా నల్లగా చిమ్మి ఉంటుంది, అది దాని గుణం. వేడిగా ఉన్నప్పుడు, అంటే సాయంత్రం బండి దిగగానే వేయాలి. రాత్రంతా ఇంకుతుంది. తారురోడ్డు మీద 500 కిలోమీటర్లకోసారి సరిపోతుంది. వానలోనో దుమ్ములోనో నడిపిన రోజు కిలోమీటర్లు లెక్కపెట్టకండి, ఆ సాయంత్రమే కానిచ్చేయండి.

బిగుతు దగ్గర ఒక మెలిక ఉంది, దీన్ని చాలామంది మెకానిక్కులూ పట్టించుకోరు. ఈ బళ్లకు వెనక షాక్ అబ్జార్బరు ప్రయాణం ఎక్కువ. మనం ఎక్కి కూర్చుని, సామాను వేసి, గోతిలో దిగినప్పుడు వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్ పైకి లేస్తుంది, దాంతో చైను బిగుసుకుంటుంది. అందుకని స్టాండు మీద ఉన్నప్పుడు అది కాస్త వదులుగానే కనిపించాలి. స్ప్లెండర్లూ యూనికార్న్‌లూ చూసీచూసీ అలవాటైన చేయి, ‘చైను ఊగిపోతోంది సార్’ అని టైటు చేసి పంపిస్తుంది. గోతిలో పడ్డ ప్రతిసారీ ఆ లాగుడు గేర్‌బాక్సు బయటి షాఫ్టు బేరింగు మీద పడుతుంది. బేరింగు పోతే ఇంజిన్ విప్పాల్సిందే. మీ మాన్యువల్లో ఉన్న అంకెను ఒక చీటీమీద రాసి సీటు కింద అంటించుకోండి, పానా ఎవరు పట్టినా ఆ అంకె చూపించండి. చక్రం తిప్పుతూ అన్నిటికంటే బిగుతుగా ఉన్నచోట కొలవాలి, ఎందుకంటే అరిగే కొద్దీ చైను ఒక్కోచోట ఒక్కోలా సాగుతుంది.

మార్చాల్సి వచ్చినప్పుడు చైను, ముందు స్ప్రాకెట్టు, వెనక స్ప్రాకెట్టు మూడూ కలిపే. వెనక స్ప్రాకెట్టు చివర చైనును వేలితో వెనక్కి లాగి చూడండి. సగం పన్ను బయటపడిందంటే కాలం తీరిందన్నమాట.

గాలి, పుల్లలు, ఆయిలు

టైర్ల దగ్గర వాదన ఎప్పుడూ ఒకటే: ట్యూబా, ట్యూబ్‌లెస్సా? అల్లాయ్ చక్రానికి ట్యూబ్‌లెస్ టైరు పంచరు విషయంలో సుఖం. బండ మీద గట్టిగా కొడితే మాత్రం అల్లాయ్ పగులుతుంది, పగిలితే అక్కడే ఆగాలి. పుల్లల చక్రం వంగుతుంది, వంగినా నడుస్తుంది. పెద్ద ఊరు చేరాక బెండు తీయించుకోవచ్చు. ఇప్పుడు పుల్లలుండి కూడా ట్యూబ్‌లెస్ అయిన చక్రాలొచ్చాయి, హిమాలయన్ 450కి అవి 2024 నుంచి దొరుకుతున్నాయి. డబ్బుంటే అవే నయం.

ట్యూబున్నవాళ్లు మాత్రం చక్రం ఊడదీయడం నేర్చుకోక తప్పదు. మన దారుల్లో పంచరు షాపు లేని ఊరు అరుదు. ఉన్న షాపులో 21 అంగుళాల ట్యూబు ఉండడం అంతకంటే అరుదు. బయల్దేరేటప్పుడు ఒకే ట్యూబు పెట్టుకునే చోటుంటే ముందు చక్రానిదే పెట్టుకోండి. అవసరం ముంచుకొస్తే దాన్ని వెనక 17 అంగుళాల టైర్లో సర్ది తర్వాతి పట్టణం దాకా పోవచ్చు. వెనకదాన్ని ముందు వేయడం కుదరదు. రెండు టైర్ లివర్లు, పాచీలు, చిన్న పంపు, మీ వెనక ఇరుసు నట్టుకు సరిగ్గా పట్టే పానా ఉండాలి. ఇవన్నీ ఇంటిముందు వేపచెట్టు కింద ఒక ఆదివారం వాడి చూశాకే సంచిలోకి పోవాలి. కంపెనీ ఇచ్చిన పానాతో ఆ నట్టు కదలదని తెలుసుకోవాల్సిన చోటు పాడేరు ఘాటీ కాదు.

మట్టిలోకి దిగేముందు గాలి తగ్గించడం అందరూ చెప్పేదే. ఎంత తగ్గించాలో చెప్పేవాళ్లు తక్కువ. ఇసుకలో, మెత్తటి మట్టిలో 20 పీఎస్ఐ దగ్గరికి దించితే టైరు వెడల్పయి పట్టు దొరుకుతుంది. అదే గాలితో రాళ్లమీద వేగంగా పోతే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పాము కాటు వేసినట్టు రెండు చిల్లులు పడతాయి. తూర్పు కనుమల దారులు ఎక్కువభాగం రాళ్లవే, ఇక్కడ నేనైతే అంత దించను. తారు ఎక్కగానే మళ్లీ నింపాలి. లేకపోతే వేడెక్కి ట్యూబు చిరుగుతుంది.

పుల్లలు వదులయ్యాయేమో చూడడానికి గ్యారేజీ అక్కర్లేదు. చక్రం తిప్పుతూ చిన్న పానాతో ఒక్కో పుల్లనూ తట్టండి. బిగుతుగా ఉన్నది టంగుమంటుంది, వదులైనది మూగగా ఉంటుంది. ఒక్క సిలిండర్ ఇంజిన్ అదురుకు నట్లూ వదులవుతాయి. ముఖ్యమైన నట్టుకీ దాని పక్కన ఫ్రేముకీ కలిపి నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీస్తే, గీత విరిగినచోట నట్టు తిరిగిందని పొద్దున్నే టీ తాగుతూ చూసేయొచ్చు.

ఇక ఆయిలు. హిమాలయన్ 411 ఇంజిన్ ఆయిల్‌ను పది వేల కిలోమీటర్లకోసారి మారిస్తే చాలన్నది సంస్థ మాట. మంచి రోడ్ల మీద నిజమే కావచ్చు. మే నెలలో రామగుండం ఎండలో, గాలి తగిలితేనే చల్లబడే ఇంజిన్‌ను సిటీ ట్రాఫిక్కులో ఫస్టు గేర్లో నడిపేవాళ్లు అంతదాకా ఆగకూడదని నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి లేహ్‌కి 44వ నంబరు హైవే మీదుగా పోయి వస్తే అయిదు వేల కిలోమీటర్లు దాటుతుంది. అంటే ఆ పది వేల గడువులో సగానికి పైగా ఆ ఒక్క ప్రయాణంలో అయిపోతుంది. బయల్దేరే ముందు చేయించుకున్న సర్వీసు అక్కడికే సరి, ఇంటికి రాగానే ఇంకోటి. ముందు సర్వీసు మాత్రం ప్రయాణానికి ముందురోజు చేయించకండి. వారం ముందు చేయించి రెండొందల కిలోమీటర్లు తిప్పండి. సరిగా బిగించని నట్టు, మరిచిపోయిన క్లిప్పు ఆ రెండొందల్లోనే బయటపడతాయి.

వాగులూ, రేగడీ, ఉప్పుగాలీ

రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి మన రెండు రాష్ట్రాల్లో ఈ బళ్లకు తగిన దారుల్లో మొదటిదని చెప్తాను. దాన్నుంచి పక్కకు తిరిగిన ప్రతి దారీ ఏదో ఒక వాగు దగ్గరికి తీసుకెళ్తుంది.

వాగులో దిగేముందు నడిచి చూడాలి. మోకాలు దాటితే, నీళ్లు ఉరుకుతుంటే వెనక్కి. దిగాక ఒకే గేరు, ఒకే రేజు, మధ్యలో క్లచ్చు నొక్కి ఆలోచనలు పెట్టుకోకూడదు. నీళ్లలోనే పడి ఇంజిన్ ఆగిపోతే సెల్ఫు కొట్టడమంత పెద్ద పొరపాటు లేదు. ఎయిర్ ఫిల్టర్‌లోంచి నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నలపలేదు. నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. గట్టుకు తోసి, ప్లగ్గు విప్పి, ఫిల్టరు తీసి ఆరబెట్టి, ప్లగ్గు లేకుండానే సెల్ఫు కొట్టి నీళ్లు చిమ్మించాకే మళ్లీ బిగించాలి. ఆయిల్ చూసే అద్దంలో రంగు పాలు కలిపిన టీలా కనిపిస్తే ఆయిల్ మార్చందే నడపకూడదు.

కర్నూలు, ఆదిలాబాద్ వైపు వానాకాలంలో నల్లరేగడిది వేరే కథ. అది టైరుకు అంటుకుని, ముందు చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పేరుకుని, చక్రాన్ని కదలకుండా పట్టేస్తుంది. అసలైన మట్టి బళ్లకు మడ్‌గార్డు జానెడు పైన ఎందుకుంటుందో అప్పుడర్థమవుతుంది. హిమాలయన్‌కు పైన ముక్కులాంటిది ఒకటి, కింద చక్రాన్ని అంటుకుని ఇంకోటి ఉన్నాయి. ఆ కిందదానితోనే చిక్కు. కొందరు దాన్ని పైకి జరిపించుకుంటారు. నా సలహా ఇంకా సులువైనది: రేగడి నేలలో వాన పడ్డ రోజు పొలం బాట పట్టకండి. ట్రాక్టర్లే దిగబడతాయి.

భీమిలి తీరం వెంటో సూర్యలంకలోనో ఇసుకలో తిప్పి వస్తే ఆ రోజే మంచినీళ్లతో కడగాలి. పుల్లలు, నట్లు, డిస్కు బోల్టులు ఉప్పుకు తొందరగా తుప్పు పడతాయి. ప్రెజర్ పంపు మాత్రం చక్రం బేరింగుల మీదికి, హ్యాండిలు తిరిగే కోన్‌సెట్ మీదికి, రేడియేటరు రెక్కల మీదికి గురిపెట్టనివ్వకండి. కడిగే కుర్రాడికి ఉత్సాహమెక్కువ.

నెలల తరబడి నిలబెట్టే బండికి ఇంకో జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీ ట్యాంకుతో వానాకాలమంతా ఉంచితే అడుగున నీరు చేరి తుప్పు మొదలవుతుంది. పాత బళ్లలో రబ్బరు గొట్టాలూ సీళ్లూ దీనికోసం చేసినవి కావు, ఏటా ఒకసారి వేలితో నొక్కి చూసుకోవాలి. నిలబెట్టే బండిని నిండు ట్యాంకుతో నిలబెట్టండి.

బాగుచేసేదెవరు?

నాకున్నది పాత 411. దాని ఇంజిన్ పాత తరహా: ఒక సిలిండరు, 78 మిల్లీమీటర్ల బోరు, 86 స్ట్రోకు, రెండు వాల్వులు, గాలికీ ఆయిల్‌కీ చల్లబడుతుంది. టాపెట్లు స్క్రూ, నట్టుతో సెట్ చేసేవి. బుల్లెట్లు చేసిన చేయి ఏదైనా ఫీలర్ గేజి పెట్టి అరగంటలో సెట్ చేయగలదు. ఫ్రేము ఉక్కు. వెనక భాగం విరిగితే ట్రాక్టరు ట్రాలీలు అతికే వెల్డింగ్ షాపులో అతికించుకోవచ్చు. మొదటి ఏడాది బళ్లమీద దేశమంతా ఫిర్యాదులు గట్టిగానే వచ్చాయి. 2017లో బీఎస్4, ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో చాలావరకు కుదుటపడింది. 2018లో ఏబీఎస్, 2020లో బీఎస్6. 2023 చివర్లో 450 వచ్చాక 411 తయారీ ఆగిపోయింది.

450 అన్నివిధాలా మెరుగైన యంత్రం. 452 సీసీ, 40 గుర్రాలు, ఆరు గేర్లు, 17 లీటర్ల ట్యాంకు, నీళ్లతో చల్లబడే ఇంజిన్. హైవే మీద 411 రొప్పే చోట ఇది ఈలవేస్తుంది. కానీ దీంట్లో రేడియేటరుంది, కూలెంటుంది, తీగ లేని ఎలక్ట్రానిక్ యాక్సిలరేటరుంది. ఇలాంటి డీఓహెచ్‌సీ ఇంజిన్లలో వాల్వుల సందు సరిచేయాలంటే క్యామ్‌షాఫ్టు తీసి కొలిచి సరైన మందం ఉన్న షిమ్ములు వేయాలి. ఇలాంటి కొత్త బళ్లలో లోపం ఏమిటో ఇంజినే కోడ్ రూపంలో దాచుకుంటుంది. స్కానర్ ఉన్నవాడికే అది చెప్తుంది. భద్రాచలం దాటాక చిన్న సెంటర్లో, బుల్లెట్ నుంచి ఆటో దాకా అన్నీ చూసే మెకానిక్ దీని చుట్టూ ఒకసారి తిరిగి, ‘దీన్ని టౌనుకే తీసుకుపోండన్నా’ అంటే అతని తప్పేమీ లేదు.

మెరుగైన బండి అరుదుగా చెడిపోతుంది, చెడిపోతే ఎక్కువ దూరం ట్రాలీ ఎక్కుతుంది. పాతది తరచు సతాయిస్తుంది, అక్కడికక్కడే సర్దుకుంటుంది. ఎటు మొగ్గాలో మీ దారులు చెప్తాయి. ఏడాదికొకసారి హైవే మీద దూరాలు పోయేవాళ్లకు 450 లాంటిదే సరి. ఏజెన్సీ దారుల్లో, బీదర్ నుంచి బస్తర్ దాకా చిన్న రోడ్లు పట్టుకుని తిరిగేవాళ్లు పాతదాన్నో, ఇంకా తేలికైన ఎక్స్‌పల్స్‌నో చూసుకోవచ్చు. 160 కిలోల లోపున్న ఎక్స్‌పల్స్ 200ను హైవే మీద తొక్కితే విసుగొస్తుంది. అదే బండి మట్టిలో పెద్ద బళ్లవాళ్లకు పాఠం చెప్తుంది.

ఏ బండైనా సంచిలో ఉండాల్సినవి పెద్దగా మారవు. క్లచ్ కేబులు అదనంగా ఒకటి పాతదాని వెంటే టేపుతో కట్టి ఉంచితే, తెగినచోట కొసలు మార్చుకుని పోవచ్చు. ఫ్యూజులు, ఒక ప్లగ్గు, క్లచ్చు, బ్రేకు లివర్లు, చైను లింకు, బ్రేకు ప్యాడ్లు, ఇనుప తీగ, జిప్ టైలు, ఎంసీల్. రాయి తగిలి ఇంజిన్ కేసు చిట్లితే, ఆయిల్ తుడిచి ఆరబెట్టి ఎంసీల్ పెట్టి ఊరు చేరినవాళ్లున్నారు. పెట్రోలు ట్యాంకు సన్నగా కారుతుంటే లారీ డ్రైవర్లు బట్టల సబ్బు రుద్దుతారు. అదీ ఒక పూటకు పనిచేస్తుంది. విడిభాగాలకు హైదరాబాద్‌లో పుత్లీబౌలి, విజయవాడలో ఆటోనగర్ ఒకసారి తిరిగి రండి. కంపెనీ సర్వీస్ సెంటర్లో నెలలు పట్టే వస్తువు అక్కడ పొద్దున దొరకొచ్చు. నకిలీ కూడా పక్క కొట్లోనే దొరుకుతుంది కాబట్టి ప్యాడ్లూ బేరింగులూ పెట్టెలో ఉన్నవే, బిల్లుతోనే కొనండి.

పాతది కొనేవాళ్లకు

411 ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ బజారులోనే దొరుకుతుంది. అక్కడ కిలోమీటర్ల మీటరుకు ఇచ్చే విలువ చాలా ఎక్కువ. నేను ముందు చూసేది వేరే. సెంటర్ స్టాండు మీద వేయించి, వెనకెవరైనా కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిలు ఒక కొస నుంచి ఇంకో కొసకు మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో టక్కుమని పట్టుకుంటే కోన్‌సెట్ పోయిందన్నమాట. ఫోర్కు గొట్టాల మీద నూనె చారలుంటే సీళ్లు పోయాయి. ఇంజిన్ కింది రక్షణ పళ్లెం విప్పించి చూడండి, ఆ పళ్లెం మీది గీతలకు భయపడక్కర్లేదు, దాని వెనక ఫ్రేము గొట్టం నొక్కుకుపోయి ఉంటే మాత్రం వదిలేయండి. సీటు తీయించి వైరింగ్ చూడండి. టేపుల చుట్టలు కనిపిస్తే ఫాగ్‌లైట్ల చరిత్ర ఉంది. చల్లటి ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేయాలి. మీరొచ్చేసరికి వేడెక్కి ఉంటే రేపు వస్తానని చెప్పండి. ఆర్సీ, బీమా, పాత సర్వీసు బిల్లులు వరసగా ఉన్న ఇల్లయితే రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

బేరం మొదలయ్యాక అమ్మేవాళ్లు ఒక జాబితా చదువుతారు: పెట్టెలు, స్టాండ్లు, లైట్లు, ఎత్తు అద్దం, మొత్తం యాభై వేలయ్యాయని. వాటికి వేరే ధర కట్టకండి. చైను సెట్టు ఎప్పుడు మార్చారో, టైరు మీద తయారీ వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు ఏమిటో అడగండి. వాటిమీద మాట్లాడదామనండి. పెట్టెలు కావాలంటే వాళ్లనే ఉంచుకోమనండి.